కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి?

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు, ఎకరం రెండెకరాల్లో వంగ, మిరప, కాకర, టమాటా పండించుకు బతికే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈమధ్య రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెరిగాక వాళ్ళ చెవిన కొత్త మాటలు పడుతున్నాయి. గ్యాప్ (మంచి సాగు పద్ధతులు), ఎమ్మారెల్ (మందు అవశేషాల పరిమితి), ట్రేసబిలిటీ (సరుకు ఏ చేను నుంచి వచ్చిందో వెనక్కి వెతికి చెప్పగలగడం), సర్టిఫికేషన్. ఈ మాటలన్నీ ముందుకొచ్చి అసలు సంగతి వెనకబడిపోతోందని నా బాధ. మందు కొట్టిన రోజుకీ కాయ కోసిన రోజుకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి? కూరగాయల రైతుకు వర్తించే ఆహార ప్రమాణాల్లో పెద్ద భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దీని వెనక ఉన్న శాస్త్రం రైతుకు అర్థం కానంత కష్టమైనదేమీ కాదు.

పురుగుమందు కాయ మీద పడ్డ గంట నుంచే తరగడం మొదలవుతుంది. ఎండ దాన్ని విరగ్గొడుతుంది, వాన కొంత కడిగేస్తుంది, మొక్కలోని ఎంజైములు కొంత మార్చేస్తాయి. కాయ పెరిగేకొద్దీ ఉన్న మందే ఎక్కువ బరువులో పరుచుకుని పలచబడుతుంది. ఈ తరుగుదల దాదాపు ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. ఒక మందు రెండు రోజులకు సగం అవుతుందనుకుందాం. కొట్టిన రోజు కిలో కాయల్లో 4 మిల్లీగ్రాములు ఉంటే రెండో రోజుకు 2, నాలుగో రోజుకు 1, ఆరో రోజుకు 0.5, పదో రోజుకు 0.125 మిగులుతుంది. కాయలో దానికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.5 అయితే, మూడో రోజు కోసిన కాయలో దాదాపు మూడింతలు ఉంటుంది. వారం ఆగి కోసిన కాయ పరీక్షలో నెగ్గుతుంది. చేను అదే, మందు అదే, మోతాదూ అదే.

ఆగాల్సిన ఈ రోజులనే వెయిటింగ్ పీరియడ్ అంటారు. మందు డబ్బాతో పాటు వచ్చే మడతల కాగితంలో, పంట పేరుకు ఎదురుగా, రాసి ఉంటుంది. చిక్కెక్కడంటే వంగ, బెండ, కాకర లాంటివి కొద్ది రోజులకోసారి కోతకు వస్తాయి. ఏడు రోజులు ఆగమంటే కాయ ముదిరిపోతుంది, సంతలో ఎవరూ కొనరు. కాబట్టి 'ఆగండి' అని చెప్పి వెళ్ళిపోయే శిక్షణ రైతుకు సాయపడదు. ఎక్కువ రోజులు నిలిచే మందు వాడక తప్పకపోతే పూత రాకముందే వాడుకోవాలి. కోతలు మొదలయ్యాక తక్కువ వ్యవధి ఉన్నదే ఎంచుకోవాలి. వంగలో మొవ్వు, కాయ తొలిచే పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, వాడిపోయిన కొమ్మలను తుంచి కాల్చేస్తే మందు కొట్టే సార్లే తగ్గుతాయి. కాకర, బీర పాదుల్లో పండు ఈగకూ ఇలాంటి ఎర బుట్టలున్నాయి. ప్రమాణాల పాఠంలో ఈ సస్యరక్షణ పాఠం కలవకపోతే అది సగం పాఠమే.

ఇక పరిమితి సంగతి. ఎమ్మారెల్ అంటే ఒక సరుకులో చట్టం అనుమతించే గరిష్ఠ అవశేషం. అది దాటిన కాయ తినగానే మనిషికి ఏదో అయిపోతుందని అర్థం కాదు. జంతువుల మీద పరీక్షించి, ఏ హానీ కనిపించని మోతాదును గుర్తించి, సాధారణంగా దాన్ని వందతో భాగిస్తారు. రోజూ జీవితాంతం తిన్నా ఇబ్బంది లేదనుకునే మోతాదు అలా వస్తుంది. ఎమ్మారెల్‌ను మాత్రం పొలంలో తేలుస్తారు. చెప్పిన మోతాదులో కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగితే ఎంత మిగులుతుందో కొలిచి, అది ఆ సురక్షిత మోతాదుకు లోబడి ఉందో లేదో చూసుకుని నిర్ణయిస్తారు. అంటే ఎమ్మారెల్ దాటిందంటే ముందుగా తెలిసేది చేలో పద్ధతి తప్పిందని. ఈ తేడా తెలియకే ఒకవైపు జనం కూరగాయలంటేనే భయపడుతున్నారు, ఇంకోవైపు రైతు తనను విషం అమ్మేవాడిగా చూస్తున్నారని నొచ్చుకుంటున్నాడు.

ఒక పంటకు ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే సాధారణంగా వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. పది టన్నులు మోసే లారీలు పది వరసగా నిలబెడితే, ఆ మొత్తం సరుకులో ఒక్క గ్రాము. ఇక్కడే చిన్న రైతు తెలియకుండా ఇరుక్కుంటాడు. మందుల రిజిస్ట్రేషన్ పంటల వారీగా జరుగుతుంది. మిరపకు అనుమతి ఉన్న మందుకు కాకరకు ఉండకపోవచ్చు. పెద్ద పంటల మీద కంపెనీలు పరీక్షలు చేయించి అనుమతి తెచ్చుకుంటాయి. మునగ, దొండ, ఆకుకూరల వంటి చిన్న పంటలకు ఆ ఖర్చు పెట్టడానికి పెద్దగా ముందుకు రావు. షాపులో 'మిరపకు బాగా పనిచేసింది, దీనికీ కొట్టు' అంటారు. పురుగు చస్తుంది. కానీ ఆ పంటకు పరిమితే లేదు కనుక 0.01 వర్తిస్తుంది, వారం ఆగినా సరుకు తప్పవచ్చు. ఇది రైతు తప్పు అని నేననను. చిన్న పంటలను పట్టించుకోని వ్యవస్థ తప్పు. అయినా నష్టం మాత్రం అతనిదే కాబట్టి, మందు కొనేటప్పుడు 'ఈ కాగితంలో నా పంట పేరు ఉందా' అని అడగడం అతనికి అలవాటు కావాలి.

ఆ కాగితం ఏ భాషలో ఉంది? పర్లాకిమిడిలో కొన్న డబ్బాతో ఒడియా కాగితం రావచ్చు, కాస్త దూరంలో ఆంధ్ర వైపు పాతపట్నంలో కొన్నదానితో తెలుగు కాగితం రావచ్చు. మాట్లాడటానికి రెండు భాషలూ వచ్చినవాళ్ళకు కూడా చదవడం ఒక్క భాషలోనే వచ్చి ఉంటుంది, లేదా రెండూ రాకపోవచ్చు. అందుకే చాలామంది డబ్బా మీది రంగు చూసి నిర్ణయిస్తారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగు చెప్పేది మందు నేరుగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమో మాత్రమే. కాయ మీద ఎన్నాళ్ళు నిలుస్తుందో దాన్ని బట్టి తెలియదు. ఆకుపచ్చ గుర్తు ఉంది కదా అని మర్నాడే కోయకూడదు. ఈ ఒక్క ముక్క ప్రతి సంతలో చెప్పాలని నాకనిపిస్తుంది.

మందుల మీదే దృష్టంతా పెడితే నీళ్ళను మరిచిపోతాం. మామిడి సంగతి చూడండి. 2014 మే నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడి దిగుమతిని ఆపింది. కారణం పండు ఈగ, అంటే అది మొక్కల ఆరోగ్యానికి సంబంధించిన అభ్యంతరం. తినేవాళ్ళ ఆరోగ్యం గురించి కాదు. పర్యవేక్షణ కట్టుదిట్టం చేశాక 2015లో ఆ నిషేధం తీసేశారు. ఈగ గుడ్లు, పురుగులు చావడానికి పండ్లను వేడినీటిలో ముంచడం ఒక పద్ధతి. అయితే అంతకు చాలా ముందే, 1999లో, అమెరికాలో సాల్మొనెల్లా అనే క్రిమి వల్ల వచ్చే జబ్బు ప్రబలితే దాని మూలం బ్రెజిల్ నుంచి వచ్చిన మామిడి దగ్గర తేలింది. ఈగ కోసం వేడినీటిలో ముంచిన పండ్లవి. ముంచాక చల్లటి నీటిలో వేశారు. వేడి పండు చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి, తొడిమ దగ్గర నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీరు శుభ్రంగా లేకపోతే అందులోని క్రిమి గుజ్జులోకి చేరుతుంది, ఇక పైన ఎంత కడిగినా పోదు. ఒక ప్రమాణం కోసం చేసిన పని ఇంకో ప్రమాణాన్ని దెబ్బతీసింది. మధ్యాహ్నం ఎండలో కోసిన టమాటాను మురికి గుంటలో ముంచి మెరిపించినా జరిగేది ఇదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కోసి, కడగాల్సి వస్తే తాగే నీటితో కడగాలి. ఆకుకూరల మళ్ళకు పచ్చి పేడ వేయకుండా బాగా మాగిన ఎరువే వేయాలి. వీటికి పెద్దగా ఖర్చు ఉండదు.

మామిడిని కార్బైడ్‌తో మాగేయడం నిషేధం. దాని నుంచి వచ్చే ఎసిటిలీన్‌తో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధ మలినాలు కూడా వస్తాయి. పండు తనంతట తాను తయారుచేసుకునే ఇథిలీన్ వాయువును గదిలో 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళు) వరకు పెట్టడానికి అనుమతి ఉంది.

పసుపు, ఎండుమిరప, అల్లం పండించేవాళ్ళకు వేరే శత్రువు ఉంది. తేమ మిగిలిన సరుకులో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. మామూలు వంట వేడికి అది పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లటాక్సిన్లకు మన దేశంలో పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. మిరప, పసుపు, అల్లం విషయంలో యూరప్ ఒప్పుకునేది 10. బూజు కనిపించిన కొమ్ములు ఏరేసినంత మాత్రాన బయటపడలేం, కంటికి శుభ్రంగా కనిపించే సరుకులోనూ విషం ఉండవచ్చు. ఎండుమిరపలో తేమ 11 శాతం, పసుపు కొమ్ముల్లో 12 శాతం మించకూడదు. ఉడకబెట్టిన పసుపును నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోయాలి, సాయంత్రం మంచు పడకముందే కప్పాలి, బస్తాలను గోడకు ఆనించకుండా చెక్కల మీద పేర్చాలి. కొమ్ము విరిస్తే ఠక్కున విరగాలి, వంగితే ఇంకా ఆరలేదు.

ఇప్పుడు సర్టిఫికెట్ దగ్గరకు వద్దాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పొలం దగ్గరి రైతుకూ అతని పంటకూ వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. కాయలు కోసి అమ్మే రైతుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఈ చట్టాన్ని అమలుచేసే కేంద్ర సంస్థ) లైసెన్సు అక్కర్లేదు. అదే రైతు పసుపు పొడి కొట్టించి ప్యాకెట్లు కట్టి అమ్మితే ఆహార వ్యాపారి అవుతాడు, అప్పుడు నమోదు కావాలి. చట్టం రైతును వదిలేసినా కొనేవాడు వదలడు. పరీక్షలో తప్పిన సరుకు వెనక్కి వస్తే ధర కోత చివరికి చేను దాకా వస్తుంది.

ఏ సర్టిఫికెట్ తీసుకోవాలన్నది సరుకు ఎక్కడికి పోతుందన్న దాని మీద ఆధారపడుతుంది. యూరప్ సూపర్ మార్కెట్లు అడిగేది గ్లోబల్ గ్యాప్ అనే మంచి సాగు పద్ధతుల సర్టిఫికెట్. 1997లో యూరెప్ గ్యాప్‌గా మొదలై 2007లో ఈ పేరుకు మారింది. మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నడిపే ఇండ్ గ్యాప్ ఉంది. సేంద్రియ సరుకు ఎగుమతికి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ధ్రువీకరణ, అంటే ఎన్‌పీఓపీ కావాలి. దేశంలోనే అమ్ముకునేవాళ్ళకు పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చుకునే పద్ధతి, చాలు. ఇందులో కనీసం ఐదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి పొలాన్ని మరొకరు తనిఖీ చేసుకుంటారు, బయటి ఏజెన్సీకి ఫీజు ఉండదు. గుణుపురం సంతలో వంకాయలు అమ్ముకునే రైతుకు గ్లోబల్ గ్యాప్ అంటగట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. అడిగే కొనుగోలుదారు లేని సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి. మామిడి, పసుపు ఎగుమతి చేసే సంఘం అయితే అది వేరే లెక్క. అప్పుడు జట్టుగా తీసుకోవచ్చు. గ్లోబల్ గ్యాప్ జట్టు పద్ధతిలో సంఘం సొంత తనిఖీదారు ప్రతి సభ్యుడి పొలమూ చూడాలి; బయటి సంస్థ సభ్యుల సంఖ్యకు వర్గమూలమంత మందిని ఎంచి చూస్తుంది. 36 మంది ఉంటే ఆరు పొలాలు. ఖర్చు పంచుకోవచ్చు, కానీ ఆ ఆరింటిలో పెద్ద తప్పు దొరికితే మిగతా ముప్పై మంది మీదా పడుతుంది. కాబట్టి సభ్యులను చేర్చుకునేటప్పుడే మందు, కోత వివరాలు నోటుపుస్తకంలో రాస్తారో లేదో చూసుకోవాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా తనిఖీదారు ముందుగా అడిగేది ఆ పుస్తకాన్నే. తేదీ, పంట, మందు పేరు, ఎంత నీటిలో ఎంత మందు, ఎవరు కొట్టారు, కోత తేదీ, ఎవరికి అమ్మారు. ఏడు గడులు చాలు. మందు డబ్బా ఫొటో ఫోన్లో ఉంటే పేరు రాయడం రానివాళ్ళకూ సులువు. సరిహద్దు సంఘాలు ఈ పుస్తకాన్ని రెండు భాషల్లో అచ్చు వేయించుకోవాలి, గడి పేరు పైన ఒడియాలో, కింద తెలుగులో. అంకెలు మాత్రం 1, 2, 3 అనే రాయాలి. భువనేశ్వర్ నుంచి వచ్చే తనిఖీదారుకు తెలుగు రాకపోయినా తేదీలు అర్థమవుతాయి, మందు కొట్టిన తేదీకీ కోత తేదీకీ తేడా అతను అక్కడే తీసి చూసుకోగలడు. నమూనా కావాలంటే గుణుపురం, ఆర్.ఉదయగిరి, సెమిలిగూడల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. మొదటి పేజీ అక్కడి శాస్త్రవేత్తల చేత దిద్దించుకుని, ఈ రబీ కాకర పాదులతోనే మొదలుపెట్టవచ్చు.