నేలపట్టు పక్షుల వెనుక ఒక పాత పోరు

చలికాలంలో నేలపట్టు చెరువుగట్టు ఎక్కితే ముందు ముక్కుకు తగిలేది రెట్ట వాసన. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల కొమ్మలు సున్నం కొట్టినట్టుంటాయి. గూటిలో గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపను లాక్కుంటుంది. 2022లో ఈ చెరువు తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ, నెల్లూరు వాళ్లం ఇంకా మనదే అంటాం.

ఆ రెట్ట కలిసిన నీళ్లే కింది పొలాలకు ఎరువు. పక్షుల మీదికి తుపాకీ ఎత్తితే రైతుకు కోపం రావడానికి ఇదొక్కటి చాలు. మద్రాసు దగ్గర వేడంతాంగల్‌లో జరిగిందదే. తమిళంలో ఆ పేరుకు వేటగాడి మజిలీ అని అర్థం. 18వ శతాబ్దం చివర్లో తెల్ల సిపాయిలు అక్కడ కొంగల్ని కాలిస్తే, ఊరి రైతులు కలెక్టర్ లయనెల్ ప్లేస్ దగ్గరికెళ్లి వేట ఆపించుకున్నారు. 1858లో ఆ హక్కును మళ్లీ ఖాయం చేయించుకున్నారు. వాళ్లు జాలి అడగలేదు, తమ పంట కాపాడుకున్నారు.

ఇంగ్లండులో వేటకు నేరుగా అడ్డుపడ్డారు. కడుపుతో ఉన్న జింకను వేటకుక్కలతో తరిమి చంపడం చూసిన విలేకరి జాన్ ప్రెస్టీజ్ 1963లో హంట్ సాబొటేర్స్ అసోసియేషన్ పెట్టాడు. ఆ డిసెంబరు 26నే వాళ్లు వేటకుక్కలకు మాంసం మేపి, బాకాలు ఊది నక్కల వేటను చెడగొట్టారు. కుక్కలతో వేటను నిషేధించే చట్టం 2004లో గానీ రాలేదు.

ఇలా ఎదురు నిలవడం మన జిల్లాకు తెలియనిది కాదు. 1921లో పెన్న ఒడ్డున పల్లిపాడు సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీ ప్రారంభించారు. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని ఊళ్లోంచి వెళ్లగొట్టారు.

మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చింది. 1976లో నేలపట్టు రక్షిత కేంద్రమైంది. నాకు బాధ కలిగించేది ఒకటుంది. సరదాకు కాల్చిన దొరల కాలం పోయాక వచ్చిన ఈ చట్టం, కడుపు కోసం ఉచ్చు పెట్టే యానాదినీ అదే నేరం కింద చూసింది. వేట ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పక్షి ఎక్కడ దిగుతుందో, ఉచ్చు ఎక్కడ దాగుందో యానాదికి తెలిసినంతగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదు. చెరువు కాపలా ఉద్యోగాలకు ముందు వాళ్లనే పిలవాలి.