వందేళ్ల కట్టడంలో డాన్స్ స్కూల్: అపోహలు - వాస్తవాలు

నగరం నడిబొడ్డున ఉన్న పాత కట్టడంలో సంగీతం, నాట్యం, నాటకం నేర్పే కొత్త స్కూల్ వస్తోందంటే చాలు, నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. తల్లిదండ్రులు "అంత పాతదాంట్లోకి పిల్లల్ని పంపొచ్చా అండీ?" అని అడుగుతారు. స్కూల్ పెట్టేవాళ్లేమో "వందేళ్లుగా చెక్కుచెదరలేదు, ఇంకా ఏం చూస్తారండీ?" అంటారు. పాత కట్టడాలను కొత్త అవసరాలకు సిద్ధం చేసే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని నేను. మొదటివాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నా పేచీ అంతా రెండోవాళ్ల ధీమాతోనే.

అపోహ: ఇన్నేళ్లు నిలిచింది కాబట్టి మన స్కూల్‌కీ నిలుస్తుంది.

వాస్తవం: ఇన్నేళ్లూ ఏ బరువుకి నిలిచింది? అక్కడ ఏ ఆఫీసో నడిచి ఉంటుంది. బల్లలు, బీరువాలు పెట్టినచోటే ఉంటాయి, మనుషులు ఎవరి దారిన వాళ్లు నడుస్తారు. డాన్స్ క్లాసులో ముప్పై మంది ఒకే బీట్‌కి ఒకేసారి గెంతుతారు. చాలా దేశాల బిల్డింగ్ కోడ్‌లు, అంటే కట్టడాల భద్రతా నియమాలు, క్లాసురూమ్ నేలకు చదరపు మీటరుకి సుమారు 200 నుంచి 300 కిలోల లోడ్ లెక్కేస్తే, డాన్స్ హాలుకి 500 కిలోల దాకా లెక్కేయమంటాయి. గది అదే, దూలాలు అవే, అడిగే బలం మాత్రం దాదాపు రెట్టింపు.

బరువు ఒక్కటే అయితే లెక్క తేలికే, అసలు చిక్కు లయతో. గెంతే బీట్ మామూలుగా సెకనుకి 2 నుంచి 3 సార్లు ఉంటుంది. ప్రతి నేలకూ తనదైన ఊగే వేగం ఒకటి ఉంటుంది, పొడవాటి దూలాల మీద నిలిచే పాత చెక్క నేలల్లో అది చాలాసార్లు సెకనుకి 5, 6 సార్ల దగ్గరే ఉంటుంది, అంటే బీట్‌కి సరిగ్గా రెట్టింపు అయ్యే ప్రమాదం ఉంది. ఉయ్యాలని రెండు ఊపులకోసారైనా సరైన క్షణంలో తోస్తూ పోతే ఏమవుతుందో అదే జరుగుతుంది. 2011 జులైలో సియోల్‌లోని టెక్నోమార్ట్ అనే 39 అంతస్తుల భవనం పై అంతస్తులు ఊగిపోయి జనం బయటికి పరుగెత్తారు. 12వ అంతస్తు జిమ్‌లో కొందరు కలిసి పాట లయకి పంచ్‌లు, కిక్‌లు కొడుతూ చేసిన టే బో వ్యాయామమే కారణమని నిపుణులు తర్వాత తేల్చారు. అది కొత్త తరం ఉక్కు భవనం, కూలలేదు. కానీ లయ చేసే పని అలా ఉంటుంది.

ఇంకొకటి, పైపై మెరుగు చూసి మోసపోవద్దు. ఒకచోట పై అంతస్తు హాల్ చూడ్డానికి వెళ్లాను, చెక్క అద్దంలా మెరుస్తోంది, అప్పటికే అడ్మిషన్లు కూడా తీసుకున్నారు. గోడ పక్కన ఒక పలక తీయించి దూలం కొసలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. బయటి వాన గొట్టం ఎన్నాళ్లుగానో కారుతుండటంతో, గోడలోకి దిగిన కొసలు చెమ్మకి పుచ్చిపోయాయి. క్లాసులు ఒక టర్మ్ వెనక్కి వెళ్లాయి. ఉన్న పొదుపంతా పెట్టి స్కూల్ మొదలుపెట్టిన ఆ టీచర్ మెట్ల మీదే కూర్చుండిపోయింది. అద్దె ఒప్పందానికి ముందు పిలిచి ఉంటే ఆమెకి ఆ బాధ తప్పేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పరిష్కారం ఎప్పుడూ ఖరీదైనదే కానక్కర్లేదు. డాన్స్‌ని కింది అంతస్తుకి మార్చి పాటల క్లాసుల్ని పైకి పంపితే సగం గొడవ తీరుతుంది. లేదంటే దూలాల కింద మధ్యలో ఇంకో దూలం ఇస్తే నేల బిగుసుకుంటుంది.

అపోహ: స్ప్రంగ్ ఫ్లోర్ (గెంతినప్పుడు కాస్త అణిగి దెబ్బని మింగే డాన్స్ నేల) వేస్తున్నాం కదా, ఇక భయం లేదు.

వాస్తవం: అది పిల్లల మోకాళ్లనీ చీలమండల్నీ కాపాడుతుంది, అందుకే తప్పకుండా వేయండి. దూలాలకి మాత్రం దాంతో ఒరిగేది దాదాపు ఏమీ లేదు, పైగా దాని బరువు కూడా అవే మోయాలి.

అపోహ: వారసత్వ కట్టడంలో మేకు కూడా కొట్టనివ్వరు.

వాస్తవం: అనుమతి తీసుకోవాలి, నిజమే. కానీ పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చే పనికి వాడటం మంచిదని పాత కట్టడాల పరిరక్షణ కోసం నిపుణులు రాసుకున్న అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టరే చెబుతుంది, దాని అమరికనీ అలంకరణనీ చెడగొట్టకపోతే చాలు. రేపు విప్పేసినా మచ్చ మిగలని పనులకి ఒప్పించడం సులువు. పాత నేలకి జిగురు పూయకుండా దాని మీద పరిచే డాన్స్ ఫ్లోర్ అలాంటిదే.

అపోహ: ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, ఇంక సౌండ్‌కి తిరుగేముంది.

వాస్తవం: ఎత్తు పెరిగేకొద్దీ మోత ఎక్కువసేపు నిలుస్తుంది. 1895లో హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్‌కి బాగుచేయమని అప్పగించిన లెక్చర్ హాల్లో మాట ఐదు సెకన్లకి పైగా మోగేది. నాటకానికి ఒక సెకను దగ్గరలో ఉంటే మేలు. గోడకి ఫోమ్ అంటిస్తే ఆ మోత తగ్గుతుందే తప్ప డ్రమ్స్ శబ్దం పక్క గదికి పోకుండా ఆగదు. ముందు తలుపు కింద సందు మూయండి.

ఇక "ఆ బిల్డింగ్ కూలిపోబోతోంది" అంటూ వాట్సాప్‌లో తిరిగే ఫొటోల గురించి. సున్నం పూతలో వెంట్రుకంత పగులు చూపించి తల్లుల నిద్ర చెడగొట్టే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెడల్పు పెరుగుతున్న పగులు, మెట్ల ఆకారంలో ఇటుకల మధ్య పాకే పగులు అయితే ఇంజినీర్‌ని పిలవాలి. పూతలో పెరగకుండా ఉన్న వెంట్రుకంత పగుళ్లకి టెన్షన్ అక్కర్లేదు.

తల్లిదండ్రులు అడగాల్సినవి రెండే. డాన్స్ హాల్ లోడ్‌కి నేలని చెక్ చేసిన రిపోర్ట్ ఉందా? నిప్పంటుకుంటే ఆ అందమైన పెద్ద మెట్లు కాకుండా, తాళం వేయని రెండో దారి ఉందా? రెండూ ఉంటే నిశ్చింతగా చేర్పించండి. రిపోర్ట్ చూపించడానికి స్కూల్ వాళ్లు మొహమాటపడితే, చూపించేదాకా ఫీజు కట్టకండి.