రాక్ బ్యాండ్లు, లేబుల్ కాగితాలు: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో గిటార్ వాయిస్తూ, చిన్న స్టూడియోలో కుర్రాళ్ల బ్యాండ్లకు ప్రొడ్యూస్ చేస్తుంటాను. నాకొచ్చే ఫోన్లు సౌండ్ గురించి తక్కువ. "అన్నా, లేబుల్ వాళ్లు కాగితం పంపారు, రేపటికల్లా సంతకం కావాలట" అనేవే ఎక్కువ. లేబుల్ అంటే పాటలు విడుదల చేసే మ్యూజిక్ కంపెనీ.

అపోహ: రాసింది మనం, వాయించింది మనం. దేని మీద సంతకం పెట్టినా పాట మనదే.

వాస్తవం: కాదు. సాహిత్యం, బాణీల హక్కులు వేరు. రికార్డింగ్, అంటే మాస్టర్ హక్కు వేరు. రికార్డింగ్‌కు పూనుకుని బాధ్యత తీసుకున్నవారిదే మాస్టర్. మీరే డబ్బు పెట్టి చేయించుకుంటే అది మీదే, మీరు రాసిచ్చేసేదాకా.

గాజువాక నుంచి ఒక బ్యాండ్ వచ్చేది. ట్యూషన్లు చెప్పి, కాంట్రాక్టు పనులు చేసి కూడబెట్టిన డబ్బుతో పాట రికార్డు చేసుకున్నారు. యూట్యూబ్‌లో పెడతామన్న లేబుల్‌కు అన్ని హక్కులూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా రాసిచ్చారు. తర్వాత అదే పాట తమ ఛానెల్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. బేస్ వాయించే తమ్ముడు నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆ పాట మధ్యలో మలుపు తిరిగే భాగం, బ్రిడ్జ్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

రిలీజ్ కోసం హక్కులు రాసివ్వక్కర్లేదు. పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా పెట్టుకుంటే మాస్టర్ మీ దగ్గరే ఉంటుంది. లేబుల్‌కే ఇవ్వాలనుకుంటే ఇన్నేళ్లకని, ఫలానా వాడకానికని లైసెన్స్ (వాడుకునే అనుమతి) మాత్రమే ఇవ్వండి. అసైన్‌మెంట్‌లో, అంటే హక్కులు రాసిచ్చే కాగితంలో, గడువు రాయకపోతే చట్ట ప్రకారం అది 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్లు ఆ రెండూ మర్చిపోకుండా రాసుకుంటారు. ముందు వాటినే వెతకండి.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? టెన్షన్ పడకండి, అంతా పోలేదు. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, పాట రాసినవారు, బాణీ కట్టినవారు పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో తమ సమాన వాటాను లేబుల్‌కు వదులుకోవడం కుదరదు, కాగితంలో ఏం రాసినా సరే. రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్‌లో సభ్యులై పాట నమోదు చేయించుకోండి. కానీ బాణీలో పేరు లేని డ్రమ్మర్‌కు ఈ వాటా రాదు. అందుకే నా స్టూడియోలో పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో రాయించి, అందరిచేతా సంతకం పెట్టిస్తాను. "ఫ్రెండ్సే కదా అన్నా" అంటారు. అయినా రాయిస్తాను.

అపోహ: రిజిస్టర్ చేయకపోతే కాపీరైట్ లేదు.

వాస్తవం: పాట రాసినప్పుడే, రికార్డు చేసినప్పుడే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ గొడవ వచ్చినప్పుడు ఆధారం. తేదీలున్న డెమోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు దాచుకోండి.

అపోహ: ప్రొడ్యూసర్‌కు రాయల్టీ ఇవ్వాల్సిందే.

వాస్తవం: ముందు ఒప్పుకుంటేనే. 1993లో అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణా ఆల్బమ్ రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీ ఒకేసారి ఫీజు తీసుకున్నాడు, రాయల్టీ వద్దన్నాడు. బాణీలో చెయ్యి పెట్టనప్పుడు నాదీ అదే పద్ధతి.

అపోహ: మాస్టర్ ఎంత లౌడ్‌గా ఉంటే అంత మంచిది.

వాస్తవం: స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (ఎంత లౌడ్‌గా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. లౌడ్‌గా చేయడానికి మీరు నలిపేసిన డ్రమ్స్ నలిగినట్టే మిగులుతాయి.

ఇక హైదరాబాద్ వెళ్తేనే రాక్ సౌండ్ వస్తుందన్న మాట నేను పట్టించుకోను. ఇక్కడి అసలు ఇబ్బంది సముద్రపు గాలి. తీగలు త్వరగా తుప్పు పడతాయి, రికార్డింగ్‌కు కొత్త స్ట్రింగ్స్ వేసుకుని రండి.