కోసేది గర్భాశయాన్ని, మాడేది పొట్ట: సిజేరియన్‌కు ముందూ తర్వాతా అపోహలు - వాస్తవాలు

తేదీ ముందే ఖాయం చేసుకుని సిజేరియన్‌కు వచ్చేవాళ్లు కోత గురించి కంటే పొట్ట గురించే ఎక్కువగా అడుగుతారు. ఎప్పటి నుంచి తినకూడదు? గ్యాస్ పోకముందే నీళ్లు ఇవ్వొచ్చా? ముక్కితే కుట్లు ఊడతాయా? పొట్ట ఇంతలా ఉబ్బిందేమిటి? వీటికి ఇళ్లలోనూ, ఒక్కోసారి వార్డుల్లోనూ దొరికే జవాబులు చాలావరకు పాతబడిపోయాయి. కొన్ని బాలింతను ఊరికే మాడ్చిపెడతాయి. ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని చివర్లో వివరంగా రాశాం.

సిజేరియన్‌లో కోసేవి చర్మం, దాని కింది కొవ్వు, కండరాల మీది గట్టి పొర, పొట్ట లోపలి పలచని పొర, గర్భాశయం. పేగుల్ని కోయరు, కుట్టరు. వాటికి బయటి గాలీ, కాస్త రక్తమూ తగులుతాయి, మందుల వల్ల కొంతసేపు మందగిస్తాయి, అంతే. ఈ ఒక్క సంగతి తెలిస్తే కింద రాసినవాటిలో సగం ఎవరూ చెప్పనక్కర్లేదు.

అపోహ: ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు

నూనె, కొవ్వు, మాంసం ఉన్న భోజనానికీ ఆపరేషన్‌కూ మధ్య 8 గంటలు, తేలికపాటి తిండికి 6 గంటలు, తేట ద్రవాలకు 2 గంటలు ఎడం ఉండాలి. తేట ద్రవమంటే గ్లాసులో పోసి చూస్తే అవతలి వైపు కనిపించేది: మంచినీళ్లు, గుజ్జు లేకుండా వడకట్టిన పండ్లరసం, పాలు కలపని టీ, కాఫీ. చాలామంది పొరపాటు పడేది పాల దగ్గర. పాలు కడుపులో గడ్డకడతాయి కాబట్టి వాటిని తిండి కిందే లెక్కేసి 6 గంటల ముందే ఆపాలి. టీలో రెండు చెంచాల పాలు పోసినా అది తేట ద్రవం కాదు.

లెక్క ఇలా వేసుకోండి. ఆపరేషన్ ఉదయం 9కి అయితే రాత్రి భోజనం మామూలుగా చేసి, ఉదయం 7 వరకు నీళ్లు తాగొచ్చు. మధ్యాహ్నం 2కి అయితే ఉదయం 8 లోపు తేలికపాటి టిఫిన్ ముగించి, 12 వరకు నీళ్లు తాగొచ్చు. ఆపరేషన్ వేళ వెనక్కి జరిగిందా, పస్తు వేళ కూడా జరగాలి. అది మీరు అడిగి తెలుసుకోవాల్సిందే, ఎందుకంటే హడావుడిలో ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1946లో అమెరికన్ ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్, కాన్పు సమయంలో పూర్తి మత్తులో ఉన్న స్త్రీలకు కడుపులోని పదార్థం ఊపిరితిత్తుల్లోకి పోయిన 66 కేసుల్ని వివరించారు. గర్భంలో ప్రొజెస్టిరాన్ వల్ల అన్నవాహిక అడుగున ఉండే కవాటం వదులవుతుంది, పైగా గర్భాశయం జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది. కాబట్టి ముప్పు నిజమే. కానీ నొప్పులు మొదలుకాని గర్భిణికి నీళ్లు కడుపులోంచి మామూలు వేగంతోనే దిగిపోతాయని ఇప్పుడు తెలుసు. 12, 14 గంటల పస్తుతో అదనపు రక్షణేమీ రాదు. ఒళ్లు ఎండిపోతుంది, నరం దొరకదు, వికారం పెరుగుతుంది, వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ ఇంకా కిందికి జారుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, బాగా ఎక్కువ బరువున్నవాళ్లు, ఛాతీమంట తీవ్రంగా ఉన్నవాళ్లు, అనుకున్న తేదీకి ముందే నొప్పులు మొదలైనవాళ్లు ఈ లెక్కలు సొంతంగా వేసుకోకూడదు. మత్తు డాక్టరు చెప్పిన వేళే పాటించాలి. తెలియక ఏదైనా తినేస్తే దాచకండి. తొందర లేని ఆపరేషన్‌ను కొన్ని గంటలు ఆపడం కష్టమేమీ కాదు.

అపోహ: వెన్నులో మత్తే కదా, కడుపు నిండుగా ఉన్నా ఏమీ కాదు

వెన్నులో ఇచ్చిన మత్తు ఒక్కోసారి సరిపోదు. రక్తస్రావం ఎక్కువైతే మధ్యలోనే పూర్తి మత్తుకు మారాల్సి రావొచ్చు. అందుకే థియేటర్‌కు తీసుకెళ్లే ముందు కడుపులోని ఆమ్లాన్ని విరిచే సోడియం సిట్రేట్ 30 మి.లీ. తాగిస్తారు, లేదా ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఫామోటిడిన్ లాంటి మందు ఇస్తారు. కొన్నిచోట్ల రెండూ ఇస్తారు. సోడియం సిట్రేట్ పుల్లగా, ఉప్పగా ఉంటుంది. ముఖం చిట్లించుకుంటూ సగం తాగి పక్కన పెట్టేవాళ్లున్నారు, పూర్తిగా తాగేయండి. ఇంట్లో ఉన్న తెల్లటి చిక్కటి యాసిడిటీ సిరప్ దీనికి బదులు కాదు. అందులోని సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి పోతే వాటికవే హాని చేస్తాయి.

అపోహ: ఎనీమా ఇచ్చి కడుపు కడగాలి

అవసరం లేదు. సిజేరియన్‌కు ముందు పేగుల్ని ఖాళీ చేయించడం వల్ల ఇన్ఫెక్షన్ తగ్గదు, ఒంట్లో నీరు మాత్రం తగ్గుతుంది. ఇంటి దగ్గర విరేచనాల మాత్ర వేసుకుని రావడం ఇంకా వద్దు.

అపోహ: నెలలు నిండాక పొట్ట పైభాగంలో నొప్పి వస్తే అది యాసిడిటీయే

చాలాసార్లు యాసిడిటీయే. తిన్నాక, పడుకున్నాక ఎక్కువై, ఛాతీలోకి మంటగా ఎగదన్ని, యాంటాసిడ్‌తో తగ్గేది అదే. డొక్కల కింద కుడివైపో నడిమధ్యో పట్టేసినట్టు నొప్పి వచ్చి యాంటాసిడ్‌కు లొంగకపోతే మాత్రం వెంటనే బీపీ చూపించాలి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ముఖం వాపు తోడైతే అసలు ఆగకూడదు. అధిక రక్తపోటు వల్ల కాలేయం దెబ్బతినడం మొదలైతే నొప్పి సరిగ్గా అక్కడే వస్తుంది. కాన్పు అయిపోయిందని ఈ ప్రమాదం తీరిపోదు, తర్వాత 6 వారాల వరకూ రావొచ్చు.

అపోహ: ఆపరేషన్ బల్ల మీద వాంతి వచ్చిందంటే ముందు ఏదో తిన్నట్టే

ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకీ వస్తుంది. వెన్నులో మత్తు ఎక్కగానే రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది, తొలి సూచనగా వికారం మొదలవుతుంది. అందుకే కడుపులో తిప్పుతోందని చెప్పగానే మత్తు డాక్టరు ముందు బీపీ చూస్తారు. వాంతి అయ్యేదాకా ఓర్చుకోకండి, మొదటి క్షణంలోనే చెప్పండి. బిడ్డ బయటికి వచ్చాక వికారం వస్తే కారణం వేరు: గర్భాశయాన్ని కుట్టేటప్పుడు లోపలి పొర లాగినట్టవుతుంది, గర్భాశయం బిగుసుకోవడానికి ఇచ్చే కొన్ని మందులూ వాంతి తెప్పిస్తాయి. కార్బోప్రోస్ట్ అయితే నీళ్ల విరేచనాలు కూడా చేయిస్తుంది. ఆ రోజు విరేచనాలైతే తిండి మీద నెపం వేయకముందు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో అడగండి.

అపోహ: గ్యాస్ పోయేదాకా నోట్లో ఏమీ వేయకూడదు

ఇది ఇంకా బతికే ఉండటం బాధాకరం. ఆపరేషన్ తర్వాత చిన్నపేగు కొన్ని గంటల్లోనే పని మొదలుపెడుతుంది. జీర్ణాశయానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. అన్నిటికన్నా ఆలస్యంగా, రెండు మూడు రోజులకు పూర్తిగా తేరుకునేది పెద్దపేగు. గ్యాస్ పోవడం పెద్దపేగు పని. ఆఖరున లేచేది లేచేదాకా ముందే లేచినవాటిని పస్తు పెట్టడంలో అర్థం లేదు. పైగా తిండి లోపలికి వెళ్తేనే పేగులకు కదలమన్న సంకేతం అందుతుంది. త్వరగా తిన్నవాళ్లకు పేగుల కదలిక త్వరగా వస్తుంది, వాంతులూ ఉబ్బరమూ అందువల్ల పెరగవు. సిజేరియన్ తర్వాత 2 గంటల్లోపే మామూలు ఆహారం మొదలుపెట్టవచ్చని, ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులపై మార్గదర్శకాలిచ్చే ఈరాస్ (ERAS) సొసైటీ 2019లో సూచించింది.

ఆచరణలో ఇలా చేయండి. పూర్తిగా మెలకువగా ఉండి, వికారం లేకపోతే ముందు నాలుగైదు గుక్కల నీళ్లు. అరగంట చూసి నిలబడితే ఒక గ్లాసు. ఆ తర్వాత ఆకలిని బట్టి మెత్తటి తేలికపాటి ఆహారం, ఒకేసారి నిండుగా కాకుండా కొద్దికొద్దిగా. వాంతి అయితే ఒకటి రెండు గంటలు ఆగి మళ్లీ గుక్కలతో మొదలుపెట్టండి. ఆపరేషన్‌లో పేగుకో మూత్రాశయానికో దెబ్బ తగిలినా, రక్తం బాగా పోయినా, పూర్తి మత్తు ఇచ్చినా ఈ వేళలు మారతాయి. అది మీ డాక్టరు చెప్పాలి.

తినడం ఏ కారణంగానైనా ఆలస్యమయ్యేవాళ్లకు చూయింగ్ గమ్ పనికొస్తుంది. నమలగానే తిండి వస్తోందని పేగులు అనుకుంటాయి. రోజుకు మూడుసార్లు, అరగంట లోపు నమిలితే చాలు. త్వరగా తింటున్నవాళ్లకు దానితో పెద్దగా పని లేదు.

అపోహ: గ్యాస్ పట్టేస్తే సోడా తాగాలి, కదలకుండా పడుకోవాలి

సోడాతో తేన్పు వస్తుంది, అది మీరు ఇప్పుడే మింగిన గ్యాస్. పెద్దపేగులో చిక్కుకున్నది దానితో కదలదు. స్ట్రాతో తాగడం, గబగబా మింగడం కూడా గాలిని లోపలికి పంపేవే. పేగుల్ని కదిలించేది నడక. కాళ్లలో మత్తు పూర్తిగా దిగాక, సాధారణంగా 6 నుంచి 8 గంటలకు, మనిషి తోడుతో లేవాలి. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మంచం అంచున కాళ్లు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోండి. కళ్లు తిరగకపోతేనే నిలబడండి. మొదటిసారి గుమ్మం దాకా వెళ్లొస్తే చాలు. ఆ తర్వాత రోజుకు నాలుగైదుసార్లు, ప్రతిసారి కొంచెం దూరం పెంచండి.

కొందరికి నొప్పి పొట్టలో కాకుండా భుజం మీద పొడిచినట్టు వస్తుంది. డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) కింద చేరిన గాలి, రక్తం అక్కడి నరాన్ని రేపుతాయి. ఆ నరం మెడ నుంచి వస్తుంది కాబట్టి మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుకుంటుంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ దానితోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి, కాలి పిక్కలో వాపు ఉంటే అది గ్యాస్ కాకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావొచ్చు. వెంటనే పిలవండి.

అపోహ: నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయి

తాగిన నీళ్లు పేగుల్లోంచి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి, పాలలోకి వెళ్తాయి. కుట్ల దగ్గర ఊరవు. చీముకు కారణం సూక్ష్మక్రిములు, అదుపులో లేని షుగరు, తడిగా ఉండిపోయిన చర్మపు మడత. నీళ్లు తగ్గిస్తే వచ్చేది గట్టి మలం. దాహానికి తగ్గట్టు తాగుతూ, మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా చూసుకోండి. బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు పెట్టుకుంటే లెక్క తప్పదు.

అపోహ: ముక్కితే కుట్లు తెగుతాయి, విరేచనం రాకపోతేనే నయం

పైకి కనిపించే చర్మపు కుట్టు బలం కోసం వేసింది కాదు. బరువు మోసేది కండరాల మీది గట్టి పొరకు వేసిన కుట్టు. నెమ్మదిగా కరిగే దారంతో దాన్ని గట్టిగా కుడతారు, మామూలు విరేచనానికి అది తెగదు. భయంతో ఆపుకుంటూ పోతే మలంలోని నీటిని పెద్దపేగు పీల్చేస్తూనే ఉంటుంది, నాలుగో రోజుకు రాయిలా మారుతుంది, అప్పుడు నిజంగానే ముక్కాల్సి వస్తుంది, మొలలు బయటపడతాయి. మొదటి విరేచనం 2 నుంచి 4 రోజుల్లోపు ఎప్పుడైనా కావొచ్చు.

ఉదయం ఏదైనా తిని, వేడిగా ఏదైనా తాగాక అరగంటలోపు పెద్దపేగు తనంతట తాను గట్టిగా కదులుతుంది. ఆ సమయాన్ని పోనివ్వకండి. కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉండేలా, కాస్త ముందుకు వంగండి. మడతపెట్టిన తువ్వాలుతో కోత మీద అదిమి పట్టుకోండి. ఊపిరి బిగపట్టకుండా, నోటితో వదులుతూ ప్రయత్నించండి. 10 నిమిషాల్లో రాకపోతే లేచిపోయి, తర్వాత మళ్లీ చూడండి.

అవసరమైతే డాక్టరు లాక్టులోజ్ 15 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు రాస్తారు. పని చేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా గ్యాస్ కాస్త పెరగొచ్చు. ఒక పూటకే పని చేయలేదని మానేయకండి. ఇసబ్గోల్ అయితే ఒక చెంచాను నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, మీద ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే అదే లోపల ముద్దకడుతుంది. పొట్ట బిగుసుకుని గ్యాస్ కూడా పోని స్థితిలో దాన్ని మొదలుపెట్టకూడదు. ఈ రెండూ రక్తంలోకి దాదాపు చేరవు కాబట్టి పాలిచ్చే తల్లులు వాడొచ్చు.

మలబద్ధకానికి నొప్పి మందుల్లోని మార్ఫిన్ జాతివి ఒక పెద్ద కారణం. పారాసెటమాల్‌ను డాక్టరు రాసిన వేళకే వేసుకుంటూ ఉంటే వాటి అవసరం తగ్గుతుంది. ఐరన్ మాత్రలు రెండో కారణం. వాటితో మలం నల్లగా రావడం మామూలే. పడకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి, మానేయడం మాత్రం వద్దు.

అపోహ: తల్లి తిన్నదాని గ్యాస్ పాలలో బిడ్డకు పోతుంది

గ్యాస్ తల్లి పెద్దపేగులో పుడుతుంది, అది పాలలోకి చేరే దారి లేదు. కొద్దిమంది పిల్లలకు ఆవుపాల ప్రోటీన్ లాంటివి పడకపోవడం వేరే సంగతి. ఆ అనుమానంతో బాలింత పళ్లెంలోంచి కూరగాయలూ పప్పులూ అన్నీ తీసేయకండి.

అపోహ: ఎంత ఉబ్బినా గ్యాసే, అదే పోతుంది

ముందు చెప్పిన ప్రమాదకరమైన మాట ఇదే. సిజేరియన్ తర్వాత అరుదుగా పెద్దపేగు కదలిక పూర్తిగా ఆగిపోయి, ఎక్కడా అడ్డు లేకపోయినా బెలూనులా ఉబ్బుతుంది. దీన్ని 1948లో బ్రిటిష్ సర్జన్ హెనేజ్ ఓగిల్వీ వివరించారు కాబట్టి ఆయన పేరుతోనే ఓగిల్వీ సిండ్రోమ్ అంటారు. పొట్ట కుడివైపు అడుగున ఉండే పెద్దపేగు మొదటి భాగం ఎక్కువగా సాగుతుంది. దాని వెడల్పు 12 సెం.మీ. దాటితే చిల్లు పడే ముప్పు బాగా పెరుగుతుంది.

మోసం ఎక్కడుందంటే, ఇందులో కొందరికి గ్యాస్ పోతూనే ఉంటుంది, పలచగా విరేచనం కూడా అవుతుంది. 'గ్యాస్ పోతోంది కదా' అని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి సిబ్బందీ ఊరడిల్లుతారు. కాబట్టి గ్యాస్ ఒక్కటే చూడకండి, పొట్టను చూడండి. మామూలు ఉబ్బరం మెత్తగా ఉంటుంది, నడిస్తే సడలుతుంది, రోజురోజుకూ తగ్గుతుంది. ఇది గంటగంటకూ పెరుగుతుంది, డోలులా బిగుస్తుంది. కుడివైపు అడుగున నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, నిమిషానికి 100 దాటిన నాడి తోడైతే అర్ధరాత్రయినా డాక్టర్ని పిలిపించాలి, ఎక్స్‌రే తీయించాలి. వేళకు పట్టుకుంటే నోటి ఆహారం ఆపడం, పొటాషియం, మెగ్నీషియం సరిచేయడం, అవసరమైతే పేగుల్ని కదిలించే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ ఇవ్వడం లేదా కొలనోస్కోపీతో (మలద్వారం గుండా పెద్దపేగులోకి గొట్టం పంపి) గాలి తీయడం, వీటితోనే చాలావరకు తగ్గుతుంది. చిల్లు పడితే మళ్లీ పొట్ట తెరవాలి.

డాక్టరు వచ్చేదాకా తిండి, నీళ్లు ఆపండి. విరేచనాల మందు, ఎనీమా ఏదీ సొంతంగా ఇవ్వకండి. చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు వాంతి అయింది, ఏ నొప్పి మందు ఎన్నిసార్లు వేశారు అన్నవి ఒక కాగితం మీద వేళలతో రాసి చేతికివ్వండి.