మీరు పీకిన తెల్ల వెంట్రుకలు

తార్నాక,
హైదరాబాద్

చిట్టీ, బబ్లూ,

ఎండాకాలం సెలవుల్లో వెంట్రుకకు రూపాయి చొప్పున నా తలలో నెరిసినవి పీకి 23 రూపాయలు పట్టుకుపోయారు. "అమ్మమ్మా, వీటి నల్లరంగు ఎక్కడికి పోయింది?" అని బబ్లూ అడిగితే, సీరియల్ వస్తోందని తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతా.

ఎక్కడికీ పోలేదు. వాటికి రంగు ఎక్కనే లేదు.

వెంట్రుక మొలిచే కుదురులో మెలనోసైట్లనే కణాలు ఉంటాయి. అవి మెలనిన్ అనే రంగు పదార్థం తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకలో నింపుతాయి. చర్మం దాటాక వెంట్రుకకు ప్రాణం ఉండదు, కత్తిరిస్తే నొప్పి పుట్టదు కదా! అందుకే నల్లగా వచ్చింది రాత్రికి రాత్రి తెల్లబడదు. నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున కొన్నేళ్లు పెరిగి రాలిపోతుంది. అదే కుదురులో కొత్తది మొలిచేటప్పుడు రంగు కణాలూ కొత్తగా రావాలి. వాటిని పుట్టించే మూలకణాలు వయసుతో తరిగిపోతాయి, కొన్ని ఉండి కూడా పని చేయవు. ఇక మొలిచేది రంగు లేకుండానే మొలుస్తుంది. పంచదార పలుకుల్లో తెల్లరంగు ఉందా? వెలుగు చెదిరి అలా కనబడుతుంది. ఇదీ అంతే.

లాడ్ బజార్‌లో మైదాకు పొడి బేరమాడితే దుకాణం పెద్దాయన "ధూప్ మే బాల్ సఫేద్ నహీ కియే, అమ్మా" అన్నాడు. ఎండలో తల నెరవలేదు, అనుభవంతో నెరిసిందని. ఎండకు నెరవదు, నిజమే. కానీ ఎండలో ఆడీ ఆడీ చిట్టి జుట్టు కొసలు రాగిరంగుకు తిరిగాయి చూడండి, అది ఉన్న మెలనిన్‌ని ఎండ పాడుచేయడం. ఇక మైదాకు తెల్ల వెంట్రుక మీద ఎర్రగా తేలుతుంది, నల్లదాని మీద పెద్దగా కనబడదు. నెల తిరిగేసరికి నా పాపిట మళ్లీ తెల్లగా!

మీ అల్లరికే తల నెరిసిందంటాడు కదా తాతయ్య? 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూశారు. విపరీతమైన టెన్షన్‌కు నరాలు వదిలే రసాయనం వల్ల ఆ మూలకణాలు ఒక్కసారిగా ఖర్చయిపోయాయి. ఇది తాతయ్యకు చెప్పకండి, ఇక పట్టలేం. పెళ్లిచూపుల నాడే ఆయన చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు నేను చూశా. మీ మామయ్యకూ 22 ఏళ్లకే బాలనెరుపు. ఎప్పుడు నెరవాలో చాలావరకు వంశాన్ని బట్టే ఉంటుంది. అయినా చిన్న వయసులో నెరిస్తే బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించడం మంచిదే, మామయ్యకు అన్నీ బాగానే ఉన్నాయి.

ఒకటి పీకితే పది నెరుస్తాయన్నది ఉత్తమాట. ఒక్కో కుదురుది దానిదే లెక్క. మీరు పీకిన చోట మళ్లీ మొలుస్తున్నాయి, తెల్లగానే. దసరాకు రండి, ఈసారి అర్ధరూపాయే ఇస్తా.

మీ
అమ్మమ్మ