పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చినంత మాత్రాన డబ్బు అక్కడ పడదు: నగదు బదిలీపై అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ పథకం విడత విడుదలైన మర్నాడు గుంటూరు చుట్టుపక్కల ఏ బ్యాంకు గుమ్మం దగ్గరైనా వినపడేది ఒకటే మాట: "ఆధార్ లింక్ ఉందండీ, అయినా పడలేదు." సాయంత్రానికి ఊళ్లో పుకారు మొదలవుతుంది, పేర్లు తీసేశారని. ఆ భయంతో పరుగెత్తి ఇంకో ఖాతా తెరిచేవాళ్లే అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నారు. అందుకే ముందు ఆ సంగతి.

అపోహ: గ్రామ సచివాలయంలో ఏ పాస్‌బుక్ జిరాక్స్ ఇస్తే ఆ ఖాతాలోనే డబ్బు పడుతుంది.

పడాలని లేదు. ఆధార్ ఆధారంగా పంపే సొమ్ముకు ఖాతా నంబరుతో పని లేదు, ఐఎఫ్ఎస్‌సీ కోడుతో అసలే లేదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర మ్యాపర్ అని ఒక పట్టిక ఉంటుంది. అందులో ఒక ఆధార్ నంబరుకు ఎదురుగా ఒక్క బ్యాంకే ఉంటుంది. మీకు ఎన్ని ఖాతాలున్నా సరే, చివరగా సీడింగ్ చేసిన, అంటే ఆ పట్టికలో మీ ఆధార్‌ను తన పేరున ఎక్కించిన బ్యాంకు ఏదో అదే. డబ్బు అక్కడికి వెళుతుంది. అదే బ్యాంకులో మీకు రెండు ఖాతాలుంటే, ఆధార్ చెల్లింపులకు దేన్ని గుర్తించారో చూసి బ్యాంకు కంప్యూటరే అందులో వేస్తుంది. పొదుపు ఖాతాలో చూసుకుని రాలేదనుకున్న డబ్బు, ఎప్పుడో తెరిచి మరిచిపోయిన జన్‌ధన్ ఖాతాలో దొరకడానికి కారణం ఇదే.

ఖాతా తెరిచేటప్పుడు కేవైసీకి, అంటే మీరెవరో నిరూపించుకోవడానికి ఆధార్ ఇవ్వడం వేరు, సీడింగ్‌కు సమ్మతి ఇస్తూ సంతకం పెట్టడం వేరు. మొదటిది చేసినంత మాత్రాన మ్యాపర్‌లో ఏమీ మారదు. "లింక్ ఉంది" అని బ్యాంకులో చెబితే అక్కడితో ఆగకండి. "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ మన బ్యాంకుకే ఉందా, యాక్టివ్‌గా ఉందా, ఏ ఖాతాకు?" అని మూడు ముక్కలూ అడగండి.

పథకానికో ఖాతా తెరవడం వల్ల జరిగే అనర్థం ఇక్కడే మొదలవుతుంది. మ్యాపింగ్ మనిషికి ఒక్కటే, పథకానికొకటి ఉండదు. పిల్లల డబ్బు కోసమని తల్లి హడావిడిగా పోస్టాఫీసులో ఖాతా తెరిచి సీడింగ్‌కు ఒప్పుకుంటే, ఆమె పేరున ఆధార్ మీద వచ్చే గ్యాస్ రాయితీ, పీఎం కిసాన్ కూడా అక్కడికే మళ్లుతాయి. పాత బ్యాంకులో చూసి "ఆపేశారు" అని ఏడ్చేవాళ్ల డబ్బు చాలాసార్లు కొత్త ఖాతాలో భద్రంగా ఉంటుంది. 2017లో సిమ్‌కార్డుల ఆధార్ ధ్రువీకరణ సమయంలో లక్షలమంది గ్యాస్ రాయితీ వాళ్లకు తెలియకుండానే ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లోకి మళ్లిందని గుర్తుంచుకోండి. ఎక్కడైనా వేలిముద్ర వేసే ముందు అది దేనికో అడగాలి.

చూసుకునే పద్ధతి చెబుతాను. స్మార్ట్‌ఫోన్ ఉంటే మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగినై "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" తెరవండి. బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో, ఎప్పుడు మారిందో కనిపిస్తాయి. కీప్యాడ్ ఫోన్‌లో \*99\*99\*1# కొట్టి ఆధార్ నంబరు ఇవ్వచ్చు. మార్చాలంటే డబ్బు ఏ బ్యాంకులో కావాలో ఆ బ్యాంకుకే వెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వాలి. అందులో కొత్త సీడింగా, వేరే బ్యాంకు నుంచి మార్పా అన్న గడి సరిగ్గా నింపి, పాత బ్యాంకు పేరు రాయాలి. ఈ గడి తప్పడం వల్లే చాలా ఫారాలు తిరిగొస్తాయి. రెండు మూడు రోజులాగి స్టేటస్ మళ్లీ చూసుకోండి. రశీదు చేతికొచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

ఖాతాలో పడక తిరిగిపోయిన విడత మ్యాపింగ్ సరిచేయగానే దానంతటదే రాదు. పథకం నడిపే ప్రభుత్వ శాఖ మళ్లీ పంపాలి. అందుకే సరిచేసిన స్టేటస్ కాగితంతో సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి.

అపోహ: విడత ఎలాగూ వస్తుంది, ఈలోగా వడ్డీకి తెచ్చుకుంటే ఏం పోతుంది?

కుటుంబాన్ని లోపల్లోపల తినేసేది ఇదే. రైతులకు రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ కింద కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరు వేలతో కలిపి ఏడాదికి 20,000. 2025 ఆగస్టులో వచ్చిన తొలి విడత 7,000. ఎకరా మిర్చికి లక్ష దాటే పెట్టుబడి ముందు ఇది ఎంతో రైతుకు చెప్పక్కర్లేదు. నారు వేసే రోజుల్లో విడత మీద ధైర్యంతో 50,000 మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18,000. అంటే సాయమంతా దాదాపు వడ్డీకే సరి. అదే యాభై వేలు పంటరుణంగా తీసుకుని గడువులోగా కడితే, వడ్డీ రాయితీ పోగా పడేది 4 శాతం, ఏడాదికి 2,000. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు పంటరుణానికి తాకట్టు అడగకూడదు. కాబట్టి విడత తేదీని నమ్ముకుని అప్పు చేయకండి. వచ్చిన విడతతో ముందు ఎక్కువ వడ్డీ అప్పు అసలులో కొంత తీర్చండి. బడికెళ్లే పిల్లల తల్లికిచ్చే తల్లికి వందనం 13,000 2025లో వచ్చింది జూన్‌లో, ఫీజులు, పుస్తకాలు, బస్సు పాసు ఒక్కసారే మీద పడే నెలలో. ఆ డబ్బుకు ఇంకో పని పెట్టకుండా ఆపగలిగితే ఆ నెల చేబదులు తప్పుతుంది. పిల్లను ఇంటర్‌కు పంపాలా, పనికి పంపాలా అన్నది చాలా ఇళ్లలో ఆ ఒక్క నెల లెక్క మీదే తేలుతుంది.

అపోహ: ఖాతాలో డబ్బు ఉంచితే పథకం ఆపేస్తారు.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి పడిన రోజే మొత్తం తీసేవాళ్లున్నారు. నిల్వ చూసి అర్హత తేల్చరు. తల్లికి వందనానికి చూసేది భూమి, ఆదాయం, నాలుగు చక్రాల వాహనం, ఆదాయపన్ను, ప్రభుత్వోద్యోగం, కరెంటు నెలకు 300 యూనిట్లు వంటివి. మీకు సంబంధం లేని మీటరు మీ ఆధార్‌కు ముడిపడి యూనిట్లు దాటినట్టు చూపితే, కరెంటు ఆఫీసులో దాన్ని విడదీయించి ఆ కాగితంతో సచివాలయానికి వెళ్లండి.

మిగతావి గబగబా. జన్‌ధన్ ఖాతాలన్నింటికీ పరిమితి ఉండదు. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతాకే నిల్వ 50,000 దాటకూడదు, ఏడాది జమలు లక్ష దాటకూడదు. డబ్బు పడింది గానీ తీయనివ్వడం లేదంటే రీ-కేవైసీ, అంటే వివరాలు మళ్లీ ఇవ్వడం బాకీ ఉండొచ్చు. చిరునామా మారకపోతే స్వీయ ధ్రువీకరణ చాలు, దాన్ని ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకుమిత్ర కూడా తీసుకోవచ్చు. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది, ఖాతాలేమీ పోలేదు. పింఛన్ ఇంటి దగ్గర చేతికే ఇస్తారు, దానికి మ్యాపింగ్‌తో పని లేదు. కౌలురైతుకిచ్చే కౌలుకార్డు కాలం 11 నెలలే, దానితో భూమిమీద ఏ హక్కూ రాదు. భూమి యజమానులు దాని మీద సంతకానికి భయపడక్కర్లేదు.

ఊళ్లో వేలిముద్రతో డబ్బు తీసేటప్పుడు "పడలేదు, మళ్లీ వేలు పెట్టు" అంటే ఆగి ముందు రశీదు అడగండి. ఖాతాలో తగ్గి చేతికి రాకపోతే ఐదు రోజుల్లో బ్యాంకు తిరిగి వేయాలి, దాటితే రోజుకు 100 పరిహారం కలపాలి. రశీదు లేకపోతే తేదీ, సమయం, మొత్తం కాగితం మీద రాసుకుని ఆ రోజే మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి.