సుమో దిగుతున్న ర్యాప్

వినాయక చవితి మూడో రోజు రాత్రి, కర్నూలులో మా పక్క వీధి మండపం. కమిటీవాళ్లు డీజే ఆపించి, ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడి చేతికి మైక్ ఇచ్చారు. నల్ల చొక్కా, మెడలో గొలుసు, రాత్రి తొమ్మిదింటికి నల్ల కళ్లద్దాలు. మొదటి పాట నిండా కత్తులు, రక్తం, తొడలు. ఈలలు బాగానే పడ్డాయి. రెండో పాటకు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, చెమటకేమో. అది వాళ్ల నాన్న వేయించిన బోర్ల పాట. నాలుగు బోర్లు, నాలుగింట్లోనూ దుమ్మే. వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన "ఆ బోరు ముక్క ఇంగోతూరి చెప్పప్పా" అని కేకేశాడు.

ర్యాప్ అంటే దరువు మీద ప్రాసతో గబగబా మాట చెప్పడం. రికార్డు కంపెనీల అండ లేకుండా సొంతంగా రాసుకుని, సొంత ఖర్చుతో రికార్డు చేసుకునేవాళ్లను ఇండీ ర్యాపర్లంటారు. మా వైపు ఇలాంటి పిల్లలు కాలేజీ ఫెస్టుల్లో, మండపాల దగ్గర అప్పుడప్పుడూ కనపడుతున్నారు. వాళ్ల మీద నేను వినే ఫిర్యాదు ఒకటే. సీమ అనగానే ఆ ఫ్యాక్షన్ వేషం ఎందుకని. అడగాల్సిన మాటే. కానీ ఆ కళ్లద్దాలు ఆ అబ్బాయి ముక్కు మీదికి ఎట్లా వచ్చాయో తెలియాలంటే రెండు ఊళ్లు తిరిగి రావాలి. ఒకటి న్యూయార్క్, ఇంకోటి ఫిల్మ్‌నగర్.

ర్యాప్‌కు పుట్టిల్లైన హిప్‌హాప్ జనం మధ్యలోనే పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ల కింది హాలులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలి, అదీ సంగతి. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్టు. రికార్డులు తిప్పింది వాళ్లన్న క్లైవ్, జమైకాలో పుట్టినవాడు, డీజే కూల్ హెర్క్‌గా పేరు పడ్డవాడు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క దగ్గర జనం ఎక్కువ ఎగురుతున్నారని పసిగట్టాడు. ఆ తర్వాత ఒకే రికార్డువి రెండు కాపీలు పెట్టి, ఆ ముక్కనే అటూ ఇటూ తిప్పి సాగదీశాడు. ఊరంతా పాడుకునే ర్యాప్ రికార్డు 1979లో గానీ రాలేదు. అప్పటిదాకా ఆరేళ్లు అది మన చెక్కభజన లాంటిదే. ఆ రాత్రి అక్కడ ఉంటే విన్నట్టు, లేకపోతే లేదు.

వేషం కూడా అక్కడే మారుతూ వచ్చింది. తొలినాటి బృందాలు డిస్కో తారల్లా తోలు కోట్లు, మెరుపుల బట్టలు వేసేవి. 80ల్లో రన్ డీఎంసీ అనే బృందం వచ్చి న్యూయార్క్‌లోనే తమ క్వీన్స్ వీధుల్లో పిల్లలు వేసుకునేవే వేసుకుంది: నల్ల టోపీ, లేసుల్లేని అడిడాస్ బూట్లు. 1986లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీలో "బూట్లు పైకెత్తండి" అనగానే వేల బూట్లు లేచాయి. అది కళ్లారా చూసిన అడిడాస్‌వాళ్లు ఆ బృందంతో ఒప్పందం రాసుకున్నారు. వీధి వేషానికి రేటు పలికింది ఆ రాత్రి నుంచే. రెండేళ్లకు లాస్ ఏంజెలెస్ వైపు నుంచి ఎన్‌డబ్ల్యూఏ అనే బృందం తుపాకీ మాటలతో దిగింది. కంపెనీలకు అది ఇంకా గిట్టుబాటైంది.

90ల చివర ఇండీ ర్యాప్ గట్టిపడటానికి ఈ అమ్ముడుపోయే వేషాల మీద విసుగూ ఒక కారణం. అందులో నాకు ఇష్టమైన కథ ఎంఎఫ్ డూమ్ అనే ర్యాపర్‌ది. పాత బృందంలో తోడున్న తమ్ముడు చనిపోయాడు, కంపెనీ వదిలేసింది. కొన్నేళ్లు కనపడకుండా పోయి, న్యూయార్క్‌లో ఒక కవుల కేఫ్‌లో ఎవరైనా ఎక్కి పాడగలిగే వేదిక మీద ముఖానికి మేజోడు తొడుక్కుని మళ్లీ తేలాడు. తర్వాత అదే లోహపు ముసుగైంది. ముఖం చూడొద్దు, మాట వినండి అనడం ఆయన ఉద్దేశం. కానీ ముసుగు మనిషి కన్నా పెద్దదైపోయింది. 2007 ప్రాంతంలో కొన్ని కచేరీలకు తాను పోకుండా ముసుగు వేసిన వేరేవాళ్లను పంపాడు. టికెట్టు కొన్నవాళ్లు తిట్టిపోశారు. నేనైనా తిట్టేవాణ్ణే.

మన దేశంలో హిందీ ర్యాప్‌ను 1992లో బాబా సెహగల్ ఇంటింటికీ తెచ్చాడు, నవ్వులాటగా. గల్లీ వేషం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2014లో ముంబై కుర్లా కుర్రాడు నేజీ ఒక ఐప్యాడ్ మీదే పాట రికార్డు చేసి, వీడియో తీసి వదిలాడు. మరుసటి ఏడు డివైన్ అనే ఇంకో ముంబై ర్యాపర్‌తో కలిశాడు. 2019లో వాళ్ల జీవితాల ఛాయలతో హిందీ సినిమానే వచ్చింది. ఇలాంటివాళ్లకు పెద్ద స్టేజీ చూపించిన వాటిలో 2010లో పుణెలో మొదలైన ఎన్‌హెచ్7 వీకెండర్ అనే సంగీత పండుగ ఒకటి. దాని పేరు పాత ఏడో నంబరు జాతీయ రహదారిది. ఆ రహదారి పుణె ముఖం కూడా చూడదు. మా కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోతుంది. ఇప్పుడది 44. రోడ్డు మాది, పండుగ వాళ్లది. సరే, వదిలేద్దాం.

ఆ రోడ్డు మీదే మా పిల్లలు రెండు దిక్కులుగా చీలారు. కర్నూలువాడు రెండొందల పైచిలుకు కిలోమీటర్ల హైదరాబాద్ వైపు చూస్తాడు, అనంతపురంవాడు దాదాపు అంతే దూరంలో ఉన్న బెంగళూరు వైపు. హైదరాబాద్‌లో నోయల్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి లాంటివాళ్లు తెలుగు ర్యాప్‌కు దారి వేశారు. రోల్ రైడా 2018లో, నోయల్ 2020లో బిగ్‌బాస్ ఇంట్లో కనపడేసరికి మా అమ్మకు కూడా ర్యాపర్ అంటే ఎవరో తెలిసింది. బెంగళూరు వైపు నుంచి హనుమాన్‌కైండ్ అనే ర్యాపర్ లేచాడు. మలయాళీ, హ్యూస్టన్‌లో పెరిగాడు. 2024లో ప్రపంచమంతా తిరిగిన అతని వీడియోలో ఉన్నది ఏమిటంటే, మన ఎగ్జిబిషన్లలో చెక్కబావి గోడ మీద మోటార్‌సైకిల్ తిప్పే ఆట! 2025లో అమెరికాలో కోచెల్లా అనే సంగీత పండుగకు కేరళ చెండ వాయిద్యగాళ్లను వెంటబెట్టుకుని ఎక్కాడు. జాతరను దాచుకోకుండా జాతరతోనే స్టేజీ ఎక్కొచ్చని మా పిల్లలకు తెలిసింది అప్పుడే అనుకుంటాను.

ఇక ఫిల్మ్‌నగర్. మా జిల్లాల్లో ఫ్యాక్షన్ లేదని నేను అనను. ఇళ్లు కాలాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. కానీ 1999 సంక్రాంతి నుంచి మూడు నాలుగేళ్లు వరసబెట్టి వచ్చిన సినిమాలు దాన్ని ఒక యూనిఫాం చేసి పెట్టాయి. తెల్ల చొక్కా, మీసం, గాల్లోకి లేచే సుమోలు. పాపం, ఆ బండి 2019లోనే తయారీ ఆగిపోయింది. పాటల్లో మాత్రం ఇంకా లేస్తూనే ఉంది. మా యాస కూడా ఆ సినిమాల్లో విలన్ నోట్లోనో, అతని పక్కనుండే కమెడియన్ నోట్లోనో ఉండేది. లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన తుపాకీ వేషమూ, ఈ సుమో వేషమూ ఒకదానికొకటి అచ్చంగా అతికాయి. పద్దెనిమిదేళ్లవాడికి కుట్టించి పెట్టిన బట్టలు అవి.

కానీ వేషం ఊరికే అంటుకోదు, స్టేజీ అంటిస్తుంది. మా వైపు స్టేజీకి తక్కువ చరిత్ర లేదు. సురభి నాటకం 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో పుట్టింది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో ఆ కుటుంబాల ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. నాటకాల నటుడు బళ్లారి రాఘవ తాడిపత్రిలో పుట్టినవాడు. అనంతపురంలో లలిత కళాపరిషత్తుకు 1945 నుంచి చరిత్ర ఉంది. పద్యనాటకంలో కిరీటం ఎంత మెరిసినా, "వన్స్ మోర్" పడేది పద్యానికే. హార్మోనియం, తబలా పద్యం కింద అణిగి మోగేవి, అందుకని మాట దొరికేది. తర్వాత రికార్డు డ్యాన్సులు, పాటకచేరీలు, ఇప్పుడు డీజే బాక్సులు.

అసలు చిక్కు ఈ బాక్సుల దగ్గరే ఉంది. అవి సినిమా పాటల దరువు కోసం సెట్ చేసినవి. ర్యాపర్ తన ఫోన్‌కు వైరు తగిలించి బీట్ వేయగానే కింది దరువు గుండెల్ని అదరగొడుతుంది, మాట ముద్దయిపోతుంది. సౌండ్ చెక్ అనేది ఉండదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదికి మైక్ ఆపాలి. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. ఆ మిగిలిన కొద్దిసేపట్లో కుర్రాడికి దక్కేది పది నిమిషాలు. మాట వినపడని చోట ఏం చేస్తాడు? కళ్లద్దాలు పెడతాడు, తొడ కొడతాడు. అది దూరానికి కూడా తెలుస్తుంది. అదే పిల్లవాణ్ని కాలేజీ ఆడిటోరియంలో, మామూలు స్పీకర్ల మధ్య చూడండి. "వస్తాండా, పోతాండా, చూస్తాండా" అని మా క్రియలు ఒకే తోకతో ముగుస్తాయి, అంత్యప్రాస అడక్కుండానే కుదురుతుంది. మధ్యలో పాతబస్తీ దక్ఖినీ ఉర్దూ కలుస్తుంది. అక్కడ బోర్లు, బెంగళూరు వలసలు, సప్లీలు అన్నీ పాటలోకి వస్తాయి. జనం నవ్వుతారు, ఊకొడతారు. సుమో అవసరం పడదు.

ఆ రాత్రి మా పక్క వీధిలో పది కొట్టకముందే కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. మూడో పాట మిగిలిపోయింది. వైరు చుట్టుకుంటున్న కుర్రాణ్ని దేని మీద అని అడిగాను.

"కేసీ కాలువ మీద అన్నా. తొమ్మిదో రోజు నిమజ్జనానికి బండెక్కి పాడతా."

"బోర్ల పాట కూడా పాడు."

నవ్వాడు. "ఆ బాక్సుల ముందర బోర్ల మాట ఎవురికి వినపడ్తాది అన్నా? ఆ పొద్దుకు అద్దాలు పెట్టుకోవాల్సిందే" అని జేబు తడుముకున్నాడు.